మా నాయన పేరు మీద పడిన జప్తు

2018 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున ప్రొద్దుటూరు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందర, దస్తావేజు లేఖరి బల్ల దగ్గర కూర్చున్నాను. మా నాయన నాకు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన ఇంటిని నా కూతురికి అదే తీరున రాసివ్వాలని వచ్చాను. సాక్షులిద్దరూ వచ్చారు. కూతురు బెంగళూరు నుంచి రాత్రి బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చింది. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ కాగితం చదువుతున్న లేఖరి మధ్యలో ఆగి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"టీచరమ్మా, ఈ ఇంటి మీద కోర్టు జప్తు ఉండాదే! ఎవురి బాకీ ఇది?"

నేను ఎవరికీ బాకీ లేను. ముప్పై మూడేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. చీటీ కట్టాను గానీ ఎవరి దగ్గరా చేయి చాచలేదు. కాగితం తీసుకుని చూస్తే ప్రతివాది అన్నచోట మా నాయన పేరు, పక్కన తండ్రి పేరుగా మా అబ్బ, అంటే మా తాత పేరు ఉన్నాయి. మా నాయన 1996లో పోయాడు. జప్తు 2016ది. పోయిన ఇరవై ఏళ్లకు మా నాయన ఎవరికి ప్రోనోటు రాసిచ్చాడు?

ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాక గానీ విషయం తట్టలేదు. మా వైపు మనవడికి తాత పేరు పెట్టుకుంటాం. మా అబ్బ పేరు మా అన్నకు పెట్టారు. మా నాయన పేరు మా అన్న కొడుక్కి పెట్టారు. అందువల్ల మా నాయన పేరు, ఆయన తండ్రి పేరు రాస్తే ఎట్లా ఉంటుందో నా మేనల్లుడి పేరు, వాడి తండ్రి పేరు రాసినా అక్షరం తేడా లేకుండా అట్లాగే ఉంటుంది. ఇంటిపేరూ ఒకటే, ఊరూ ఒకటే. మన కడప జిల్లాలో ఇది ప్రతి వీధిలో ఉన్నదే. పెద్ద దస్తగిరి, చిన్న దస్తగిరి, నడిపి ఓబులేసు అని పిలుచుకుని మనం తేడా కనుక్కుంటాం. దస్తావేజుల్లోకి ఆ పెద్దా, నడిపీ, చిన్నా ఎక్కవు.

మేనల్లుడు పత్తి వ్యాపారంలో దెబ్బతిన్నాడు. 2014లో ఒక వడ్డీ వ్యాపారి దగ్గర ఆరు లక్షలకు ప్రోనోటు రాశాడు, తీర్చలేకపోయాడు. 2016లో ఆ వడ్డీ వ్యాపారి దావా వేశాడు. తీర్పు వచ్చేలోపల ప్రతివాది ఆస్తి అమ్ముకుని పోతాడని, ముందే జప్తు చేయాలని పిటిషన్ పెట్టాడు. కోర్టు వాడుకలో దీన్ని ఏబీజే అంటారు, తీర్పుకు ముందు జప్తు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 38వ ఆర్డరు 5వ రూలు. పూచీకత్తు చూపించమని నోటీసు ఇస్తారు. చూపించకపోతే జప్తు ఉత్తర్వు వస్తుంది. మేనల్లుడు అప్పటికే ఊరు విడిచి హైదరాబాదులో ఏదో షాపులో లెక్కలు రాస్తున్నాడు. నోటీసుకు బదులు చెప్పినవాళ్లు లేరు.

ఆ పిటిషన్‌కు వెనక ఆస్తి షెడ్యూలు జతచేయాలి. వడ్డీ వ్యాపారి తరఫువాళ్లు మున్సిపాలిటీలో ఆ పేరు మీద ఇంటిపన్ను ఉందా అని చూశారు. ఉంది. అది మా ఇల్లు. ఈసీ తీశారు. కంప్యూటర్‌లో ఈసీ 1983 నుంచే వస్తుంది. నా దస్తావేజు 1979ది. అందువల్ల వాళ్ల కాగితంలో లావాదేవీలేవీ కనబడలేదు. పన్ను వాడి పేరు మీదే ఉంది, అమ్మినట్టు ఎక్కడా లేదు, కాబట్టి ఇల్లు వాడిదే అనుకున్నారు. డోరు నంబరు, చెక్కుబంది అన్నీ సరిగ్గా రాశారు. ఒక్క యజమాని మాత్రమే తప్పు.

ఇందులో నా తప్పూ ఉంది. దాన్ని దాచిపెట్టి ఈ వ్యాసం రాస్తే మీకు పనికిరాదు. దస్తావేజు రిజిస్టరైన వెంటనే మున్సిపాలిటీలో పన్ను నా పేరుకు మార్పించుకోవాల్సింది. నాయన బతికుండగా ఆయన పేరు కొట్టించడానికి మనసొప్పలేదు. పోయిన తర్వాత ఆ రశీదు మీద ఏడాదికి రెండుసార్లు ఆయన పేరు చదువుకోవడం నాకు ఇష్టంగా ఉండేది. పన్ను నేనే కట్టాను, రశీదులన్నీ దాచాను, పేరు మాత్రం ఆయనదే ఉంచాను. దాదాపు నలభై ఏళ్లకు ఆ పేరే నా ఇంటి మీదికి అమీనాను తీసుకొచ్చింది.

అమీనా వచ్చిన సంగతి కూడా నాకు తెలియలేదు. అప్పట్లో ఆ ఇల్లు అద్దెకు ఇచ్చి నేను జమ్మలమడుగులో ఉన్నాను. స్థిరాస్తి జప్తు చేస్తే దండోరా వేయాలి, ఉత్తర్వు కాపీ ఇంటి మీద అందరికీ కనబడేచోట అంటించాలి, కోర్టు దగ్గర అంటించాలి, శిస్తు కట్టే భూమైతే కలెక్టరు ఆఫీసులోనూ అంటించాలి. 21వ ఆర్డరు 54వ రూలు చెప్పేది ఇదే. మా తలుపు మీద కాగితం అంటించిన మాట నిజమే. అద్దెకున్నవాళ్లు అది కరెంటు ఆఫీసు నోటీసు అనుకుని తీసి అటక మీద పడేశారు.

జప్తు, తనఖా, అమీనా, నకలు, ఇవన్నీ నవాబుల కాలం నుంచి మన నోళ్లలో ఉన్న మాటలు. పొద్దస్తమానం వాడతాం గానీ జప్తుకూ తనఖాకూ తేడా నాకు అప్పటిదాకా తెలియదు. తనఖా పెట్టాలంటే యజమాని సంతకం కావాలి. జప్తుకు యజమాని సంతకంతో పనిలేదు. అప్పిచ్చినవాడు ఇది నా బాకీదారు ఆస్తి అని ప్రమాణపత్రం దాఖలు చేస్తే, కోర్టు తన ముందున్న కాగితాలను బట్టి ఉత్తర్వు ఇస్తుంది. ఆ దశలో మూడో మనిషి కోర్టుకు కనబడడు. ఎవరి బాకీయో మన గోడకు వచ్చి అంటుకునేది ఈ సందులోనే. అయితే జప్తు అయిందంటే ఆస్తి ఎవరిదో తేలిపోయినట్టు కాదు. ఆస్తి ఉన్నచోట ఉన్నట్టు కదలకుండా పట్టి ఉంచడం, అంతే. జప్తుకు ముందే ఇతరులకు ఉన్న హక్కులకు ఈ జప్తు అడ్డు రాదని 38వ ఆర్డరు 10వ రూలు స్పష్టంగా చెబుతుంది. పూచీ లేని మామూలు అప్పును పూచీ ఉన్న అప్పుగా మార్చుకోవడానికి ఈ రూలును వాడుకోకూడదని 2007లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది.

రిజిస్ట్రేషన్ మాత్రం ఆగిపోయింది. 2007లో మన రాష్ట్రం రిజిస్ట్రేషన్ చట్టంలో చేర్చిన 22ఏ సెక్షను కింద, కోర్టులు జప్తు చేసిన ఆస్తులు కూడా నిషేధ జాబితాలోకి వస్తాయి. కూతురు ఆ రాత్రే తిరుగు బస్సు ఎక్కింది.

మరుసటి రోజు మా ఇంటికి ఒక మధ్యవర్తి వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. "అమ్మా, కోర్టు అంటే ఏండ్లు పడుతుంది. మూడు లక్షలు మీరు పడేయండి, వాళ్లతో మాట్లాడి జప్తు తీయిస్తా. మీ మేనల్లుడి బాకీనే కదా, పరాయోళ్లదా?" నా దగ్గర రిటైర్మెంటు డబ్బు ఉంది. మేనల్లుడి మీద ప్రేమా ఉంది. ఆ పూట ఒప్పుకునేదాన్నే. మా వకీలు ఫోన్లో ఒకే మాట అన్నాడు. "మేడమ్, మీ మేనల్లుడికి సాయం చేయాలనుకుంటే చేయండి, అది వేరే సంగతి. ఈ ఇంటి కోసం మాత్రం ఒక్క రూపాయి కట్టొద్దు. కట్టినారంటే ఈ ఇల్లు వాడిదే అని మీ చేత్తో మీరు రాసిచ్చినట్టు." ఆ మాట నన్ను కాపాడింది. ఎవరి బాకీకో మీ ఆస్తి పట్టినప్పుడు మీ ఇంటికి మొదట వచ్చేది ఇట్లాంటి రాజీ మనిషే. ఆయనతో మాట్లాడే ముందు వకీలుతో మాట్లాడండి.

దీనికి మందు క్లెయిమ్ పిటిషన్. 21వ ఆర్డరు 58వ రూలు. తీర్పుకు ముందు జప్తు అయినా 38వ ఆర్డరు 8వ రూలు మనల్ని అక్కడికే పంపుతుంది. పాతకాలంలో ఈ పిటిషన్ మీద పైపైన విచారించి, హక్కు తేల్చుకోవాలంటే వేరే దావా వేసుకోండి అనేవారు. 1976 సవరణ తర్వాత హక్కు, యాజమాన్యం అన్నీ ఈ పిటిషన్‌లోనే తేలుస్తారు. వచ్చిన ఉత్తర్వుకు డిక్రీ అంత బలం ఉంటుంది. దాని మీద అప్పీలే గానీ మళ్లీ దావా లేదు. జిల్లా కోర్టుకు అప్పీలు వేసుకోవాలంటే గడువు 30 రోజులు.

ఒక ప్రమాదం మాత్రం ఉంది. ఆస్తి వేలంలో అమ్ముడుపోయిన తర్వాత వచ్చినా, కావాలని ఆలస్యం చేసినా ఆ పిటిషన్ తీసుకోరు. అమ్ముడుపోవడం అంటే సుత్తి దెబ్బతో అయిపోవడం కాదు, అమ్మకం ఖరారు అయ్యేదాకా తలుపు తెరిచే ఉంటుందని 2008లో, మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అట్లాగని అంతదాకా ఆగేవాళ్లుంటారా? తెలిసిన రోజే తేదీ రాసిపెట్టుకోవాలి. రెండేళ్లు ఎందుకు ఊరుకున్నారని నన్ను అడిగినప్పుడు, నాకు తెలిసిన తేదీని నిలబెట్టింది ఫిబ్రవరిలో తీసిన ఆ ఈసీ కాగితమే.

మార్చిలో పిటిషన్ వేశాం. పదిహేను నెలలు వాయిదాలకు తిరిగాను. నా సంగతి విని తెలిసినవాళ్లు తమ సంగతులు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

జమ్మలమడుగులో నాతో పని చేసిన టీచరు కథ వేరు. వాళ్ల నాయన పోయాక నాలుగెకరాలు అన్న అధీనంలోనే ఉండిపోయింది. అన్న మీద డిక్రీ అయితే నాలుగెకరాలూ జప్తు చేశారు. ఆమె భాగం సంగతి ఎవరూ తలవలేదు. మన రాష్ట్రంలో కూతురికి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, అప్పటికి పెళ్లి కానివాళ్లకు. దేశమంతటికీ ఆ హక్కు 2005 సెప్టెంబరు 9న వచ్చింది. ఆ 2005 చట్టంలోనే ఇంకో మాట ఉంది, మన ఇళ్లలో చాలామందికి తెలియదు. ఆ తేదీ తర్వాత తండ్రి చేసిన అప్పును కొడుకు ధర్మం అన్న పేరుతో కొడుకు నెత్తిన రుద్దడానికి వీల్లేదు. తండ్రి వదిలిపోయిన ఆస్తి మేరకే వారసుడి బాధ్యత. తండ్రి అప్పుకే అట్లా ఉంటే అన్న అప్పు చెల్లెలి భాగానికి ఎట్లా అంటుతుంది? ఆమె తన సగం వరకు క్లెయిమ్ వేసింది, సగం మీద జప్తు ఎత్తేశారు. అన్నతో మాటలు మాత్రం ఇప్పటికీ లేవు.

పులివెందుల దగ్గర మా ఆయనకు వరుసకు తమ్ముడు ఒకాయన చీని తోట పెట్టాడు. అతని బాధ కోర్టుది కాదు, రెవెన్యూ రికార్డుది. భూమి హక్కుల రికార్డైన 1బి తీస్తే ఒక బ్యాంకు పంట రుణం కనబడింది. ఆ బ్యాంకు గడప అతను ఎన్నడూ తొక్కలేదు. ఆరా తీస్తే అదే సర్వే నంబరులో పక్క సబ్ డివిజన్ రైతు తీసుకున్న అప్పు. 2ఏ బదులు 2బి అని కొట్టారు. 1800లో కంపెనీ చేతికి వచ్చిన ఈ దత్తమండలాల్లో థామస్ మన్రో పొలం పొలానికీ కొలత వేయించాడని బడిలో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. అంత పాత కొలతల చరిత్ర ఉన్నచోట కూడా సర్వే నంబరులో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే రైతుకు ఆ ఏడు పంట రుణం రాదు. బ్యాంకు వాళ్లు తహసీల్దారు తీయాలన్నారు, తహసీల్దారు ఆఫీసులో బ్యాంకు తీయాలన్నారు. చివరికి బ్యాంకుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రశీదు తీసుకుని, నెలన్నర తిరిగితే, ఈ ఖాతాదారుకు మా దగ్గర రుణం లేదు అని లెటరు ఇచ్చారు. ఆ లెటరుతో పని అయింది. అర్జీ ఇచ్చిన 30 రోజుల్లో బ్యాంకు బదులు చెప్పకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు, దానికి ఖర్చేమీ లేదు. రీసర్వే అయిన ఊళ్లలో పాత నంబర్లు పోయి ఎల్పీఎం నంబర్లు వచ్చాయి. అక్కడివాళ్లు ఒకసారి తమ 1బి తీసి చూసుకోవడం చాలా అవసరం.

మళ్లీ నా కేసుకు వస్తాను. అసలు దస్తావేజు నా ట్రంకు పెట్టెలో ఉంది. అది ఒక్కటే సరిపోదని వకీలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో 1979 వాల్యూము నుంచి నకలు తీయించాడు. రిజిస్టరైన అమ్మకాలు, దానాలు ఒకటో పుస్తకంలోకి ఎక్కుతాయి, రుసుము కట్టి ఎవరైనా నకలు అడగవచ్చు. ఆ రోజుల్లో చేత్తో ఎత్తిరాసేవారు. గుమాస్తా గుండ్రటి రాతలో మా నాయన మాటలు, నా పెళ్లి సంగతి, పసుపు కుంకుమల మాట చదువుతుంటే నాకు కళ్లు కనబడలేదు.

దానం రాసినప్పటి సాక్షులిద్దరూ ఎప్పుడో పోయారు. అవతలి వకీలు దాన్నే పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు దాటిన దస్తావేజు ఉండాల్సినచోట నుంచే బయటికి వస్తే, సాక్షులు లేకపోయినా కోర్టు దాన్ని సరైనదిగా భావించవచ్చని అప్పటి సాక్ష్య చట్టంలో ఉంది. నాది ముప్పై తొమ్మిదేళ్లది. తర్వాత ఆయన అసలు బాణం వేశాడు. అత్తా మేనల్లుడూ కూడబలుక్కుని బాకీ ఎగ్గొట్టడానికి ఈ నాటకం ఆడుతున్నారని అన్నాడు.

ఆయన మాటకు నేను బాధపడ్డాను గానీ తప్పుపట్టను. బాకీదారులు జప్తు వస్తుందని తెలిసి భార్య పేరుకో బావమరిది పేరుకో ఆస్తి మార్చి, వాళ్ల చేత క్లెయిమ్ వేయించడం ఈ కోర్టుల్లో రోజూ జరిగేదే. అప్పిచ్చినవాళ్లను మోసం చేయడానికి చేసిన బదిలీని వాళ్లు కోరితే రద్దు చేయవచ్చని ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షను అందుకే ఉంది. దొంగ క్లెయిములు ఇన్ని ఉండబట్టే నిజమైన హక్కుదారు కూడా అనుమానపు చూపును దాటి రావాలి. అది దాటడానికి కన్నీళ్లు పనికిరావు, తేదీలే కావాలి. జప్తు కంటే ముందు తేదీ గల రిజిస్టర్డు దస్తావేజు అన్నింటికన్నా బలమైనది. జప్తుకు ముందు రాసి జప్తు తర్వాత రిజిస్టరైనా సరే, రాసిన తేదీ నుంచే అది చెల్లుతుందని సుప్రీంకోర్టు ముప్పై ఏళ్లకు ముందే తేల్చింది.

మా వకీలు లేచి మూడు కాగితాలు పెట్టాడు. మా నాయన మరణ ధ్రువపత్రం, 1996. నా దానం దస్తావేజు, 1979. మేనల్లుడి పదో తరగతి సర్టిఫికెట్, పుట్టిన సంవత్సరం 1981. బాకీదారు పుట్టడానికి రెండేళ్ల ముందే ఈ ఇల్లు ఈమె పేరుకు మారిపోయింది, ఈమె ఎవరితో కూడబలుక్కుందో అవతలి వకీలును చెప్పమనండి అన్నాడు. కోర్టు హాలులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మేనల్లుడు కూడా వచ్చి సాక్ష్యం చెప్పాడు. బోనులోకి పోయే ముందు వరండాలో నా దగ్గరికి వచ్చి, "అత్తా, ఆ ఇల్లు నాదని నేను యాడా చెప్పలేదు" అన్నాడు. నాకు తెలుసు నాయనా అన్నాను. లోపల జడ్జి గారి ముందు, బాకీ నాదే, ఇల్లు మా అత్తది అని రెండు ముక్కల్లో చెప్పాడు. దావా తర్వాత డిక్రీ అయింది. వాడు వాయిదాల మీద కట్టుకుంటున్నాడు.

2019 జూన్‌లో క్లెయిమ్ అనుమతించి, జప్తు ఎత్తివేస్తూ ఉత్తర్వు వచ్చింది. పని అయిపోయిందనుకుని నెల రోజులు ఊరుకున్నాను. ఈసీ తీస్తే జప్తు అట్లాగే ఉంది. ఉత్తర్వు నకలుకు కాపీ అర్జీ పెట్టి, కోర్టు నుంచి సబ్ రిజిస్ట్రారుకు సమాచారం పోయేట్టు చూసుకుని, ఆఫీసులో అందినట్టు రశీదు తీసుకుంటే గానీ అది నమోదు కాలేదు. గెలిచినవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోయి, పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోయినప్పుడు మళ్లీ మొదటికి వస్తారు. ఎత్తివేత నమోదైన ఈసీ చేతికి వచ్చేదాకా కేసు ముగిసినట్టు కాదు.

నాకు తర్వాత తెలిసిన సంగతి ఒకటి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెట్టాలని 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం చెబుతుంది. ఫోన్ నంబరు 15100. ఫీజుకు డబ్బుల్లేక మధ్యవర్తి మాటకు తలొగ్గే అక్కచెల్లెళ్లు ఈ నంబరు రాసిపెట్టుకోండి. మీ ఇంట్లో తాత పేరు పెట్టుకున్న మనవడు ఉంటే, ఈ నెలలోనే ఒకసారి ఈసీ తీయండి, పన్ను రశీదు మీద ఎవరి పేరుందో చూడండి. 1983కు ముందు దస్తావేజు అయితే కంప్యూటర్ కాగితాన్ని నమ్ముకోకుండా పాత పుస్తకాల్లో వెతికించండి.

2019 సెప్టెంబరులో ఇల్లు నా కూతురి పేరుకు రిజిస్టరైంది. అదే వారం మున్సిపాలిటీకి పోయి పన్ను దాని పేరుకు మార్పించాం. మా నాయన పేరున్న ఆఖరి రశీదు 1979 దస్తావేజు మడతలో పెట్టి, అదే ట్రంకు పెట్టెలో ఉంచాను.